మూడో స్ట్రైక్ తరువాత

నా కూతురు ఇల్లు వదిలి నలభై ఏడు రోజులు. వదిలి పొమ్మన్నది నేనే.

న్యాయంగానే అన్నానని నలభై ఆరు రోజులు అనుకున్నాను. నలభై ఏడో రోజు పొద్దున్నే హుసేనప్ప సారు ఇంటికి బయలుదేరాను.

సారు నాకు బేస్‌బాల్ నేర్పిన గురువు. అనంతపురం పల్లెల్లో ఆడపిల్లలు ఆ ఆట పేరు కూడా వినని రోజుల్లో ఆయన చింత కొమ్మలు చెక్కి బ్యాట్లు చేశాడు. గోనెపట్టాలు మడిచి నాలుగు మూలలా బేస్‌లుగా పరిచాడు. నన్ను క్యాచర్‌ని చేశాడు. బ్యాట్ పట్టిన పిల్ల వెనక ముఖానికి ఇనుప ఊచల మాస్కు తగిలించుకుని, గొంతుకూర్చుని, వచ్చిన బంతిని పట్టుకోవడం నా పని.

మంచి బంతిని కొట్టలేకపోతే ఒక స్ట్రైక్. మూడు స్ట్రైకులైతే ఔట్. ఆ ఆటలో అందరికీ మొదట గుర్తుండేది ఇదే.

నాకు ఆటలోనే కాదు, బయట కూడా అదే గుర్తుండిపోయింది.

ఆడపిల్లల హాస్టలు స్కూల్లో నేను పీఈటీని. పదకొండేళ్ళుగా నా టీములో ఒకటే పద్ధతి. ఆలస్యంగా వస్తే ఒక స్ట్రైక్. అబద్ధం చెబితే ఒకటి. చెప్పకుండా ఊరికి పోతే ఒకటి. మూడోది పడితే టీములోంచి ఔట్. ఏడుపులు, కాళ్ళు పట్టుకోవడాలు పనిచేయవు.

ఆ మాట నా నోటి నుంచి స్కూలంతా పాకింది. హెడ్‌మిస్ట్రెస్ ప్రార్థనలో నిలబడి "ఇది నీకు రెండో స్ట్రైక్" అనేది. వంట చేసే ఓబుళమ్మ గ్యాసు బండి వాడికి కూడా స్ట్రైకులు వేసేది. "రెండైనాయి నాయనా, ఇంగొక్కసారి లేటుగా వచ్చినావంటే నువ్వు ఔటే" అంటే వాడు తల గోక్కునేవాడు. మా అత్త ఆ ఆట ఎన్నడూ చూడలేదు. పాలవాడు నీళ్ళు కలిపితే మాత్రం గోడ మీద బొగ్గుతో గీత గీసేది.

నాకు గర్వంగానే ఉండేది. మాట నాది కదా.

పదకొండేళ్ళలో తొమ్మిదిమంది పిల్లల్ని తీసేశాను. ఒక పిల్ల తల్లి వచ్చి మధ్యాహ్నమంతా గేటు దగ్గర నిలబడింది. రూలు అందరికీ ఒకటేనమ్మా అన్నాను. ఆమె ఏమీ అడగలేదు, కాసేపుండి వెళ్ళిపోయింది.

చైత్రకు పంతొమ్మిదేళ్ళు. డిగ్రీ రెండో సంవత్సరం.

లెక్కల పేపరు పోతే మార్కుల మెమో మూడు నెలలు పరుపు కింద దాచింది. ఒకటి.

కాలేజీ క్యాంపు అని చెప్పి స్నేహితురాలి అక్క పెళ్ళికి బళ్ళారి పోయింది. రెండు.

మూడోది పరీక్ష రోజు. పరీక్ష పది గంటలకు. టీముకు కొత్త గ్లవ్స్ తెచ్చుకోవడానికి నేను ఊళ్ళోకి వచ్చాను. పదిన్నరకు బస్టాండులో సిమెంటు బెంచీ మీద చైత్ర కూర్చుని ఉంది. ఒళ్ళో హాల్ టికెట్టు.

నేను బస్సు దిగి ఆమె ముందు నిలబడ్డాను.

"మా," అంటూ లేచింది. "మా, నేను..."

నేను పిడికిలి ఎత్తాను. ఔట్ ఇచ్చేటప్పుడు అంపైరు ఎత్తే పిడికిలి అది. చిన్నప్పటి నుంచి నాతో గ్రౌండులో తిరిగిన పిల్ల. ఆమెకు వేరే చెప్పనక్కరలేదు.

"మూడు," అన్నాను. "ఇంటికి రావద్దు."

చుట్టూ జనం చూస్తున్నారు. ఆమె నోరు మూసుకుంది.

నిజంగానే రాలేదు. హిందూపురంలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో చేరిందని, ఇద్దరు పిల్లలతో కలిసి గది తీసుకుందని మా ఆయన చెప్పాడు. ఆయన ఆర్టీసీ కండక్టరు. ఆదివారాలు టిఫిన్ క్యారియర్ పట్టుకుని పోతాడు. ఎక్కడికని నేను అడగను. ఆయన చెప్పడు. ఒకసారి మాత్రం చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నాడు: "రూలు నీది. సరే. బిడ్డ ఇద్దరిదీ."

నిన్న సాయంత్రం చైత్ర స్నేహితురాలు పల్లవి నాకు కూరగాయల అంగడి దగ్గర ఎదురైంది. తప్పించుకుని పోబోయి, మళ్ళీ ఆగింది.

"ఆంటీ, ఆ పొద్దు అది పరీక్ష ఎగ్గొట్టలేదు. పేపరు చేతికిస్తానే వణుకు పట్టింది. చెమటలు. ఊపిరాడక లేచి వచ్చేసింది. అప్పటికే రెండు నెల్లుగా అట్లే అయితాండె దానికి."

"నాతో చెప్పలేదే," అన్నాను.

"చెప్పాలనే బస్టాండులో కూచున్నింది ఆంటీ. మీ స్కూలుకు పోయే బస్సు కోసం."

ఇంటికి వచ్చి కూరగాయల సంచి దింపకుండా చాలాసేపు నిలబడ్డాను.

ఇంతకీ నా చిక్కు ఇది. పోయి పిలుచుకొస్తే, ఆ తొమ్మిదిమందికి ఏం చెప్పాలి? వాళ్ళ తల్లులకు ఏం చెప్పాలి? నా బిడ్డకొచ్చేసరికి రూలు వంగిందంటారు. అనాలి కూడా. పిలవకపోతే నా బిడ్డ నాకు లేదు.

సారు వరండాలో కూర్చుని పాత గ్లవ్ కుడుతున్నాడు. చేతిలో తోలు కుట్టే ఆరె, మైనం పట్టించిన దారం. డెబ్బై నాలుగేళ్ళు. రెండేళ్ళ కింద స్కూటరు మీది నుంచి పడినప్పటి నుంచి ఎడమ మోకాలు సరిగా వంగదు. కర్ర కొనుక్కోమంటే వినడు. పాత బ్యాట్ ఒకటి ఊతంగా పెట్టుకుని తిరుగుతాడు.

"వన్నూరమ్మా, రా. షంషాదూ, టీ పెట్టు."

లోపలి నుంచి ఆయన కోడలు షంషాద్ గొంతు వినిపించింది. నా తరువాతి బ్యాచిలో పిచ్చర్ ఆమె. బంతి విసిరితే విజిల్ వేసినట్టుండేది.

"చూసినా మామా. చక్కెర రెండు స్పూన్లు ఎయ్యచ్చునా? మూడోది ఏస్తే అక్క నన్ను ఔట్ చేస్తుందేమో."

సారు నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఆయన నా ముఖం చూసి, చూపు మళ్ళీ గ్లవ్ మీదికి దించుకున్నాడు.

అంతా చెప్పాను. మెమో, బళ్ళారి, బస్టాండు, తొమ్మిదిమంది. పల్లవి చెప్పిన మాట మాత్రం చెప్పలేదు. అది చెబితే జాలిపడతాడు. నేను జాలికి రాలేదు.

"మీరు నేర్పిందే సారూ. మూడంటే మూడే. నేను ఎవురికీ తక్కువ చెయ్యలేదు, నా బిడ్డకు ఎక్కువ చెయ్యలేదు. రూలు తప్పంటారా?"

దారం పళ్ళతో తెంపాడు.

"రూలు తప్పు కాదు."

నాకు ఊపిరి వచ్చినట్టయింది. ఆయన కుట్టడం అయిపోయిన గ్లవ్‌ని నా ఒళ్ళో పెట్టాడు.

"రూలంతా గుర్తుండాదా?"

"ముప్పై ఏండ్లుగా అదే పని కదా సారూ."

"అయితే లెయ్. మూడు బంతులు ఆడదాం."

"ఇప్పుడా?"

"కుట్టిన గ్లవ్ ఎట్లుండాదో చూడాల గదా."

ఇంటి వెనకే గ్రౌండు. ఎండ ఇంకా ముదరలేదు. షంషాద్ చీర కుచ్చిళ్ళు దోపుకుని, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. సారు ఆమె చెవిలో ఏదో చెప్పి, బ్యాట్‌ని ఊతంగా పెట్టుకుంటూ ముగ్గుపిండితో గీసిన గడిలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఈయన బ్యాటింగంట," అంది షంషాద్. "నిన్న మంచం దిగేదానికి నన్ను పిలిచినాడు."

"నువ్వు బంతి చూసి ఎయ్యి. మంచం సంగతి తరువాత."

కాళ్ళకు ప్యాడ్లు కట్టుకున్నాను. మాస్కు తగిలించుకున్నాను. పాత చెమట వాసన. గొంతుకూర్చుంటే మోకాళ్ళు టపాకాయల్లా పటపటమన్నాయి.

"అక్కా, దీపావళి ఇంగా రాలేదు," అంది షంషాద్ దూరం నుంచి.

మొదటి బంతి నడుం ఎత్తున నేరుగా వచ్చింది. సారు బ్యాట్ తిప్పేసరికి అది నా గ్లవ్‌లో ఉంది. అరచెయ్యి చురుక్కుమంది.

"ఒకటి," అన్నాను.

రెండోది ఇంకొంచెం వేగం. సారు మళ్ళీ ఆలస్యంగా తిప్పాడు. మళ్ళీ నా చేతిలోనే.

"రెండు."

నలభై ఏడు రోజుల్లో నాకు మొదటిసారి బాగున్నట్టనిపించింది. నాకు తెలిసిన పని. వస్తుంది, పడుతుంది, లెక్క తేలుతుంది.

మూడోది కింద నుంచి వచ్చింది. నా ముందు నేలను తాకి లేచి, కాలి ప్యాడ్‌కు తగిలి ఎటో పోయింది. సారు బ్యాట్ తిప్పనే తిప్పాడు. ఎలాంటి బంతికైనా సరే, బ్యాట్ తిప్పి తప్పితే స్ట్రైకే.

లేచి నిలబడ్డాను. పిడికిలి ఎత్తాను.

"మూడు. ఔట్ సారూ."

సారు వంగి బ్యాట్ నేల మీద పెట్టాడు. ఊతం వదిలేసి నడవడం మొదలుపెట్టాడు.

నీడలోకి పోతున్నాడనుకున్నాను. నీడ ఇటువైపుంది. ఆయన అటువైపు, మొదటి బేస్ గీత పట్టుకుని పోతున్నాడు. ఎడమ కాలు ఈడుస్తూ, ఒక్కో అడుగుకీ ఆగుతూ.

"సారూ, ఔట్," అన్నాను మళ్ళీ.

తిరగలేదు.

షంషాద్ ముఖంలో నవ్వు లేదు. పరుగెత్తి ఆయన్ని పట్టుకోబోయి, ఆగి, నా వైపు చూసింది.

"అక్కా," అంది మెల్లగా. "బాల్ యాడుంది?"

అప్పుడు గుర్తొచ్చింది.

మూడో స్ట్రైక్ క్యాచర్ చేతిలో పడాలి. క్యాచర్ పట్టకుండా జారవిడిచి, మొదటి బేస్ ఖాళీగా ఉంటే, బ్యాట్ పట్టిన పిల్ల ఇంకా ఔట్ కాదు. పరుగెత్తొచ్చు. క్యాచర్ పోయి ఆ బంతి తెచ్చి ఆ పిల్లకు తాకించేవరకూ ఔట్ అనే మాట ఎవరూ అనకూడదు.

సారు ఇదే గ్రౌండులో మాకు చెప్పాడు. కొత్త పిల్లలకు ప్రతి జూన్‌లో నేనూ చెబుతాను. ఆటలో ఒక్కసారి కూడా మరిచిపోలేదు.

మొదటి బేస్‌కు తొంభై అడుగులు. సారు ముప్పై కూడా దాటలేదు. ఆయన నడకకు నేను నాలుగుసార్లు పోయి బంతి తెచ్చుకోవచ్చు. టైముంది. ఎంత టైమంటే, చెప్పడానికి సిగ్గు.

నేను కదల్లేదు. ఎత్తిన పిడికిలి అట్లాగే ఉంది.

సగం దూరంలో ఆయన ఆగాడు. చేతులు తొడల మీద పెట్టుకుని వంగి ఊపిరి తీసుకున్నాడు. మళ్ళీ కదిలాడు. మట్టిలో ఎడమ కాలు గీసిన గీత కనిపిస్తూనే ఉంది.

గోనెపట్టా మీద ఒక పాదం పెట్టి ఇటు తిరిగి నిలబడ్డాడు. షంషాద్ బ్యాట్ తీసుకుని పరుగెత్తింది. వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

ఎక్కడో రోడ్డు మీద బస్సు హారన్.

"సారూ," అన్నాను.

"చెప్పమ్మా."

"ఆ పొద్దు చైత్ర నా దగ్గరికే వస్తాండె."

తొంభై అడుగుల దూరంలో ఆయనకు వినపడిందో లేదో. మాస్కులోంచి నా గొంతు నాకే సరిగా వినపడలేదు.

"నాతో చెప్పాలనే బస్సుకు కూచున్నింది సారూ. నోరు తెరిచింది. నేను వినలేదు."

వినపడింది. తల కొంచెం వంచాడు. మందలించలేదు, ఓదార్చలేదు.

"బంతి వెతుకు," అన్నాడు. "మాస్కు తీసి వెతుకు."

తీశాను. ఎండ ఒక్కసారిగా కళ్ళలో పడింది.

వెనక కంపచెట్ల కంచె. వంగి, చేతులు పెట్టి, కొమ్మలు తప్పించుకుంటూ వెతికాను. ముళ్ళు గీరుకున్నాయి. షంషాద్ సాయానికి వచ్చింది.

"వద్దులే," అన్నాను. "నేనే."

గేటు దగ్గర నిలబడి వెళ్ళిపోయిన ఆ తల్లి గుర్తొచ్చింది. ఆమె కూతురు నాలుగు రోజులు ప్రాక్టీసుకు రాలేదు. ఎందుకు రాలేదో నేను ఆ పిల్లనూ అడగలేదు, ఆ తల్లినీ అడగలేదు. మిగతా ఎనిమిదిమందిలో ఎవరినైనా అడిగానా అని వెతుక్కున్నాను. బంతి దొరికింది గానీ, అడిగిన గుర్తు ఒక్కటీ దొరకలేదు.

బంతి తీసుకుని సారు దగ్గరికి నడిచాను. ఆయన ఈడ్చిన గీత పక్కనే నడిచాను, దాన్ని తొక్కకుండా.

దగ్గరికి పోయేసరికి ఆయన కాళ్ళు వణకడం కనిపించింది. పై పెదవి మీద చెమట.

"ఇదిగో సారూ."

చెయ్యి చాపలేదు.

"నాకెందుకమ్మా ఇప్పుడు. నేను బేస్‌కు వచ్చేసినా గదా."

నేను బంతి పట్టుకుని నిలబడ్డాను. దాన్ని ఏం చెయ్యాలో తెలియలేదు.

"నేను లేటు చేసినా సారూ."

"చేసినావు."

ఆ మాట ఆయన చాలా మెత్తగా అన్నాడు. అందుకే తట్టుకోలేకపోయాను. కాసేపు ఆయన కంచె వైపు చూస్తూ ఉన్నాడు, నేను ముఖం తుడుచుకునేవరకూ.

తరువాత నా వైపు చెయ్యి చాపాడు. ఖాళీ చెయ్యి.

"వచ్చేదానికి ఒగడినే వచ్చినా," అన్నాడు. "ఎనక్కి పోయేదానికి ఇంగొకరు కావాల."

బంతి నేల మీద వదిలేసి ఆయన చెయ్యి పట్టుకున్నాను. బరువంతా నా మీద వేశాడు. ఆయన అడుగు పడేవరకు నేను ఆగాలి. పడ్డాక నేను వెయ్యాలి. ముందు రెండు అడుగులు కుదరలేదు. ఆ తరువాత కుదిరింది.

వరండా మెట్టు దాకా అట్లాగే నడిచాం.

ఆయన్ని కూర్చోబెట్టి, ప్యాడ్లు విప్పి గోడకు చేరవేశాను. షంషాద్ ఎక్కడికక్కా అని అడిగితే హిందూపురం అన్నాను. అక్కడ చైత్ర తలుపు తీస్తుందో లేదో తెలియదు.

"పోయి ఏమని చెప్తావు?" అంది షంషాద్.

సారు నా వైపు చూశాడు. జవాబు ఆయనకూ కావాలి.

"ఏమీ చెప్పను," అన్నాను. "వింటా."

ఆయన కళ్ళు మూసుకుని గోడకు ఆనుకున్నాడు. నేను చెప్పులు వేసుకున్నాను.